పసుపు దీపానికి ఎన్ని సెకన్లు?

అమెరికాలో కాపురం పెట్టిన తెలుగువాళ్ళలో చాలామందికి ఆ కవరు పరిచయమే. కరెంటు బిల్లుకీ బ్యాంకు స్టేట్‌మెంటుకీ మధ్య నగరపాలక సంస్థ పేరుతో ఒక కవరు వస్తుంది. విప్పి చూస్తే మన కారు వెనకభాగం, నెంబరు ప్లేటు, పైన ఎర్రగా వెలుగుతున్న సిగ్నల్, పక్కన తేదీ, గంటలు, నిమిషాలు, సెకన్లు. ఆ రోజు ఎక్కడా పోలీసు కనపడలేదు, సైరన్ మోగలేదు, ఎవరూ ఆపలేదు. అయినా జరిమానా మాత్రం పడింది.

ఆ వారాంతం ఎవరింట్లోనో నలుగురూ భోజనాలకి కలిసినప్పుడు చర్చ మొదలవుతుంది. "ఇదంతా సిటీవాళ్ళు డబ్బులు గుంజుకోవడానికేనండీ" అంటారు ఒకరు. "మీరు ఎర్ర లైటు దాటకపోతే వాళ్ళెలా గుంజుకుంటారండీ?" అంటారు ఇంకొకరు. రెండో ఆయన మాటకి తిరుగులేదనిపిస్తుంది. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి చర్చ అమెరికా రాజకీయాల్లోకో, హైదరాబాదు ట్రాఫిక్‌లోకో వెళ్ళిపోతుంది.

ఈ కెమెరాల చరిత్ర కొంచెం ఓపిగ్గా చదివితే ఇద్దరి మాటలోనూ నిజం ఉందని తెలుస్తుంది. ఎప్పుడు ఎవరిది నిజమవుతుందన్నది మాత్రం ఎర్ర దీపం తేల్చదు. మనం పెద్దగా పట్టించుకోని పసుపు దీపం తేలుస్తుంది. ఈ వ్యాసం దాని గురించే.

ట్రాఫిక్ సిగ్నల్ పుట్టింది లండన్‌లో, 1868లో. జాన్ పీక్ నైట్ అనే రైల్వే ఇంజినీరు, రైళ్ళకి వాడే చేతుల సిగ్నల్‌నే బ్రిటిష్ పార్లమెంటు ముందు రోడ్డు మీద నిలబెట్టాడు. రాత్రిళ్ళు గ్యాసుతో వెలిగే ఎరుపు, ఆకుపచ్చ దీపాలు. వాటిని తిప్పడానికి పక్కనే ఒక పోలీసు. కొన్ని వారాలకే, 1869 జనవరిలో, గ్యాసు పేలి ఆ పోలీసు గాయపడ్డాడు. దాంతో ఆ ప్రయోగం ముగిసింది. తర్వాత 1914 ఆగస్టులో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో, యూక్లిడ్ ఎవెన్యూ మీద, కరెంటుతో వెలిగే సిగ్నల్ వచ్చింది. దానికీ రెండే రంగులు. రంగు మారబోతోందని చెప్పడానికి ఒక బజరు మోగేది. మూడో రంగు 1920లో డెట్రాయిట్‌లో విలియం పాట్స్ అనే పోలీసు అధికారి చేతిలో వచ్చి చేరింది. 1923లో గ్యారెట్ మోర్గన్ అనే నల్లజాతి ఆవిష్కర్త, అన్ని వైపులా ఒకేసారి బండ్లని ఆపే మూడో దశ ఉన్న సిగ్నల్‌కి పేటెంటు తీసుకున్నాడు.

అంటే ఆగమనీ వెళ్ళమనీ చెప్పడం సరిపోదనీ, రెండింటి మధ్యా మనిషికి కొంత వ్యవధి ఇవ్వాలనీ తొలిరోజుల్లోనే అర్థమైందన్నమాట. ఎంత వ్యవధి అన్న ప్రశ్న మాత్రం ఇంకో ముప్ఫై ఆరేళ్ళు అలాగే ఉండిపోయింది.

1959లో జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో పనిచేసే డీనోస్ గాజిస్, రాబర్ట్ హెర్మన్, అలెక్సీ మారడూడిన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఆ ప్రశ్నకి లెక్క కట్టారు. వాళ్ళ వ్యాసం ఆ మరుసటేడు అచ్చయింది. ఆ లెక్క అర్థం చేసుకోవడానికి ఇంటర్మీడియెట్ ఫిజిక్స్ చాలు.

గంటకి 45 మైళ్ళ వేగంతో, అంటే మన లెక్కలో సుమారు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నాం అనుకోండి. సెకనుకి 66 అడుగులు. పసుపు దీపం వెలిగింది. అది కంటపడి, కాలు బ్రేకు మీదికి వెళ్ళేసరికి ఒక సెకను, అంటే 66 అడుగులు, గడిచిపోతుంది. వెనకాల పిల్లలు ముందుకు తూలకుండా, మామూలుగా బ్రేకు వేస్తే కారు ఆగడానికి ఇంకో 218 అడుగులు కావాలి. మొత్తం 284 అడుగులు. సిగ్నల్ అంతకంటే దగ్గర్లో ఉంటే మామూలు బ్రేకుతో ఆగలేం, వెళ్ళిపోవాల్సిందే. మరి పసుపు మూడు సెకన్లే ఉంటే ఆ లోపల మనం వెళ్ళగలిగేది 198 అడుగులు. అంటే 198 అడుగులకీ 284 అడుగులకీ మధ్య ఉన్నవాడు ఆగనూ లేడు, ఎరుపు పడేలోపు గీత చేరనూ లేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అతను ఎంత బుద్ధిమంతుడైనా ఫలితం ఒకటే.

ఆ 86 అడుగుల ఇరకాటం పోవాలంటే పసుపు 4.3 సెకన్లు ఉండాలి. 30 మైళ్ళ వేగానికైతే 3.2 సెకన్లు చాలు. ముగ్గురు శాస్త్రవేత్తలు చెప్పింది ఇదే. పసుపు వ్యవధి అధికారుల ఇష్టానికి వదిలేసే విషయం కాదు, వేగాన్ని బట్టి కట్టాల్సిన లెక్క. తర్వాతి కాలంలో అమెరికా ట్రాఫిక్ ఇంజినీర్లకి ఈ సూత్రమే ఆధారమైంది.

ఇక కెమెరా సంగతి. దాని పుట్టుకలో ఒక తమాషా ఉంది. మౌరిస్ గాట్సొనిడెస్ అనే డచ్ దేశస్థుడు కార్ల పందేల్లో పేరున్నవాడు. 1911లో అప్పటి డచ్ వలస జావాలో పుట్టాడు, 1953లో మాంటే కార్లో ర్యాలీ గెలిచాడు. మలుపుల దగ్గర తన కారు ఎంత వేగంతో వెళ్తోందో కొలుచుకుని, ఇంకా వేగంగా వెళ్ళడం నేర్చుకోవాలని ఒక పరికరం తయారుచేశాడు. 1958లో గాట్సోమీటర్ అనే కంపెనీ పెట్టాడు. 1960ల నడుమ ఆ కంపెనీయే రోడ్డుకి అడ్డంగా రబ్బరు గొట్టాలు పరిచి, ఎరుపు పడ్డాక వాటి మీదుగా చక్రం వెళ్తే ఫొటో తీసే కెమెరా తెచ్చింది. వేగంగా వెళ్ళడం కోసం మొదలైన పని, వేగంగా వెళ్ళేవాళ్ళని పట్టుకునే పనిగా మారిందన్నమాట. తన కెమెరాలకి తానే చాలాసార్లు దొరికి జరిమానాలు కట్టానని ఆయనే చెప్పుకునేవాడట.

తర్వాత గొట్టాల స్థానంలో రోడ్డు కింద పాతిపెట్టిన తీగ చుట్టలు వచ్చాయి, ఫిల్ము పోయి డిజిటల్ కెమెరా వచ్చింది. పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. ఎరుపు పడ్డాక ఒక హద్దుకి మించిన వేగంతో కారు తీగ చుట్ట దాటితే రెండు ఫొటోలు. మొదటిది గీతకి వెనకాల ఉండగా, రెండోది కూడలి మధ్యలో ఉండగా. ఎరుపు పడ్డాక ఎంతసేపటికి దాటారో కూడా వాటి మీద ఉంటుంది.

అమెరికాలో ఈ కెమెరాలకి దారి తీసింది న్యూయార్క్ నగరం. 1988లో రాష్ట్ర శాసనసభ అనుమతి ఇచ్చింది, 1993 చివర్లో కెమెరాలు పని మొదలుపెట్టాయి. అక్కడ జరిమానా 50 డాలర్లు. నడిపింది ఎవరైనా కారు సొంతదారు కట్టాలి, లైసెన్సు మీద పాయింట్లు పడవు. కాలిఫోర్నియా వేరే దారి పట్టింది. నడిపేవాడి ముఖం కూడా ఫొటోలో కనపడాలంది. అన్ని రుసుములూ కలిపి 2010లలో జరిమానా 490 డాలర్ల దాకా వెళ్ళింది. అదే రాష్ట్రంలో ఆక్స్‌నార్డ్ అనే ఊళ్ళో 1997లో కెమెరాలు పెట్టాక ఎర్ర దీపం దాటేవాళ్ళు 42 శాతం తగ్గారనీ, సిగ్నళ్ళున్న కూడళ్ళలో మనుషులు గాయపడే ప్రమాదాలు 29 శాతం తగ్గాయనీ అధ్యయనాలు వచ్చాయి. ఇక ఊరూరా కెమెరాలు మొలిచాయి. 2012 నాటికి సుమారు 540 నగరాలూ పట్టణాలూ ఈ పద్ధతిలో చేరాయి.

కథ ఇక్కడితో ఆగితే మొదటి పెద్దమనిషికి చెప్పడానికేమీ మిగిలేది కాదు.

2001లో శాన్ డియెగోలో సుమారు 300 మంది తమ టికెట్ల మీద కోర్టుకెక్కారు. కెమెరాలు నడుపుతున్న ప్రైవేటు కంపెనీకి నగరం ఇచ్చేది నెల జీతం కాదు, కట్టిన ప్రతి జరిమానాకీ 70 డాలర్లు. కొన్ని కూడళ్ళలో తీగ చుట్టలు ఉండాల్సిన చోట లేవని కూడా బయటపడింది. ఎన్ని టికెట్లు పడితే అంత ఆదాయం వచ్చే కంపెనీ చేతిలో ఉన్న సాక్ష్యాన్ని నమ్మలేమని న్యాయమూర్తి ఆ ఫొటోలని పక్కన పెట్టేశాడు. అదే ఏడాది మే నెలలో అమెరికా ప్రతినిధుల సభలో అధికార పక్ష నాయకుడు డిక్ ఆర్మీ కార్యాలయం ఒక నివేదిక తెచ్చింది. పసుపు వ్యవధి కురచ కావడం వల్లే ఇంతమంది ఎర్ర దీపం దాటుతున్నారని దాని వాదన.

నేను ఇరవై ఏళ్ళుగా కంపెనీలకి సాఫ్ట్‌వేర్ అమర్చిపెట్టే పనిలో ఉన్నాను. శాన్ డియెగో తీర్పు చదివినప్పుడు ఆశ్చర్యం వెయ్యలేదు. మా వృత్తిలో అందరికీ తెలిసిన విషయమే ఇది. కాంట్రాక్టులో దేనికి డబ్బిస్తామని రాసుకుంటామో అదే పెరుగుతుంది. ఫోన్ కాల్‌కి ఇంత అని రాసుకుంటే కాల్స్ పెరుగుతాయి, సమస్యలు అలాగే ఉంటాయి. యంత్రం అబద్ధం చెప్పదు. కానీ ఏ హద్దు దాటితే తప్పు అన్న అంకెని యంత్రంలో నింపేది మనిషే. ఆ అంకె ఎవరు నింపారు, ఎందుకు నింపారు అన్నది ఫొటోలో కనపడదు.

ఒక్క అంకె ఏం చెయ్యగలదో షికాగో చూపించింది. 2003లో మొదలైన అక్కడి ఏర్పాటు దేశంలోకెల్లా పెద్దదై, ఒక దశలో 384 కెమెరాలకి చేరింది. పసుపు మూడు సెకన్లకి తగ్గకూడదన్నది జాతీయ ప్రమాణం. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల అది ఒక్కొక్కసారి 2.9 సెకన్లుగా నమోదయ్యేది. మొదట్లో అలాంటి ఫొటోలని పక్కన పడేసేవారు. 2014లో కెమెరాలు నడిపే కంపెనీ మారినప్పుడు వాటికీ టికెట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ పదో వంతు సెకను తేడాతో సుమారు 77 వేల టికెట్లు, 77 లక్షల డాలర్లు అదనంగా వచ్చాయని నగర ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆ ఏడాది అక్టోబరులో లెక్క తేల్చాడు.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి. కెమెరాల కాంట్రాక్టు చూసే నగర రవాణా శాఖ అధికారి జాన్ బిల్స్, పాత కంపెనీ దగ్గర లంచాలు తీసుకున్నాడని 2016లో కోర్టు నిర్ధారించి పదేళ్ళ జైలు వేసింది. లంచాల్లో నగదుతో పాటు విహారయాత్రలు, అరిజోనాలో ఒక ఇల్లు కూడా ఉన్నాయి. ఆ కంపెనీ అమెరికా విభాగానికి అధిపతిగా చేసినావిడకి కూడా శిక్ష పడింది. కంచే చేను మేస్తే ఏమవుతుందో షికాగోవాళ్ళు కళ్ళారా చూశారు. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఈ కెమెరాలు ప్రాణాలు కాపాడతాయని చెబితే నమ్మేవాళ్ళు తగ్గిపోయారంటే తప్పు వాళ్ళది కాదు.

మనవాళ్ళు బాగా ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో 2009లో అయిదేళ్ళ ప్రయోగం మొదలైంది. పసుపు వ్యవధిని బోర్డు మీద రాసిన వేగాన్ని బట్టి కాకుండా, రోడ్డు మీద నూటికి 85 మంది దాటని వేగాన్ని బట్టి లెక్కకట్టాలని అక్కడి చట్టం చెప్పింది. అలా లెక్కకట్టినట్టు ధ్రువీకరణ లేదని 2012 జూన్‌లో 85 కెమెరాల్లో 63 కెమెరాల టికెట్లని రాష్ట్రం కొన్నాళ్ళు ఆపేసింది. 2014 డిసెంబరులో ప్రయోగం గడువు ముగిసింది, మళ్ళీ పొడిగించలేదు.

ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్టన్ కథ నాకు వీటన్నిటికంటే ఇష్టం. అందులో వలస వచ్చినవాడు ఉన్నాడు కనక కావచ్చు. మాట్స్ యార్ల్‌స్ట్రోమ్ స్వీడన్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి అమెరికాకి వచ్చాడు. 2013లో ఆయన భార్యకి కెమెరా టికెట్ వచ్చింది. జరిమానా కట్టేసి ఊరుకోకుండా ఆయన 1959 నాటి సూత్రం దగ్గరికి వెళ్ళాడు. నేరుగా వెళ్ళే కారుకి ఆ లెక్క సరే. మలుపు తిరిగే కారు కూడలి చేరేలోపే వేగం తగ్గించాలి కదా, దానికి ఇంకొంచెం వ్యవధి కావద్దా అన్నది ఆయన ప్రశ్న. అప్పటికి సజీవంగా ఉన్న మారడూడిన్‌ని సంప్రదిస్తే, తమ సూత్రం మలుపులకి వర్తించదని ఆయన కూడా సమర్థించాడు. రాష్ట్ర ఇంజినీరింగ్ బోర్డు మాత్రం లైసెన్సు లేకుండా ఇంజినీరు పని చేస్తున్నాడని యార్ల్‌స్ట్రోమ్‌కి 500 డాలర్ల జరిమానా వేసింది! ఆయన ఫెడరల్ కోర్టుకి వెళ్ళి 2018లో గెలిచాడు. 2020లో ట్రాఫిక్ ఇంజినీర్ల సంస్థ, మలుపు తిరిగే కార్ల అవసరాన్ని కూడా కలిపి తన మార్గదర్శకాలు సవరించింది. కవరు వచ్చిన ఇంట్లో ఒక మనిషి కూర్చుని లెక్క వేస్తే అరవై ఏళ్ళ సూత్రం మారింది.

ఇంతవరకూ చదివి, కెమెరాలన్నీ పీకెయ్యాలని చెప్పబోతున్నాననుకుంటే పొరపాటు. రెండో ఆయన పక్షం కూడా వినాలి.

2003 అక్టోబరులో ఫ్లోరిడాలోని బ్రేడెంటన్‌లో మార్క్ వాండాల్ అనే యువకుడు, ఎర్ర దీపం దాటి వచ్చిన కారు గుద్దడంతో చనిపోయాడు. ఆయన భార్య మెలిస్సా అప్పటికి నిండు గర్భిణి. బిడ్డని ఎత్తుకుని ఆమె ఏళ్ళ తరబడి రాష్ట్ర రాజధాని చుట్టూ తిరిగింది. 2010లో ఫ్లోరిడా కెమెరాల చట్టం మార్క్ వాండాల్ పేరుతోనే వచ్చింది. అలాంటి ఇల్లు ఒక్కటే అయితే దాన్ని విధి అనుకోవచ్చు. 2022లో అమెరికాలో ఎర్ర దీపం దాటిన బండ్ల వల్ల జరిగిన ప్రమాదాల్లో 1,149 మంది పోయారు. ఇలాంటి ప్రమాదాల్లో పోయేవాళ్ళలో సగం మంది దీపం దాటినవాళ్ళు కారు. నడిచి వెళ్ళేవాళ్ళు, సైకిలు మీద వెళ్ళేవాళ్ళు, తమ వైపు ఆకుపచ్చ చూసుకుని బయల్దేరినవాళ్ళు.

కెమెరాలు వాళ్ళని కాపాడతాయా? ఫెడరల్ హైవే శాఖ 2005లో ఏడు ప్రాంతాల్లోని 132 కూడళ్ళని పరిశీలించింది. పక్క నుంచి గుద్దుకునే ప్రమాదాలు 25 శాతం తగ్గాయి. టికెట్ భయంతో హఠాత్తుగా బ్రేకు వెయ్యడం వల్ల వెనక నుంచి గుద్దుకునేవి 15 శాతం పెరిగాయి. పక్క నుంచి గుద్దుకునేవే ఎక్కువ ప్రాణాంతకం కనక, మొత్తం మీద కొంత మేలేనని తేల్చింది. కెమెరాలు తీసేసిన 14 నగరాల్లో ఎర్ర దీపం దాటడం వల్ల ప్రాణాలు పోయే ప్రమాదాల రేటు, తియ్యకపోతే ఉండేదానికంటే 30 శాతం ఎక్కువగా ఉందని 2016లో బీమా కంపెనీల డబ్బుతో నడిచే పరిశోధన సంస్థ చెప్పింది. హ్యూస్టన్ లెక్కలు ఇంకోలా ఉన్నాయి. 2010లో అక్కడి ఓటర్లు కెమెరాలు వద్దని ఓటేశారు, 2011లో అవి ఆగిపోయాయి. ఆ ముందూ వెనకా లెక్కలు చూసిన ఇద్దరు ఆర్థికవేత్తలు, ఒక రకం ప్రమాదాలు తగ్గితే ఇంకో రకం పెరిగాయనీ, మొత్తం మీద మేలు కనపడలేదనీ 2020లో రాశారు. ఆ వ్యాసం రాకముందే, 2019లో, టెక్సస్ రాష్ట్రం ఈ కెమెరాలని నిషేధించింది. న్యూయార్క్ మాత్రం కెమెరాలున్న చోట్ల ఎర్ర దీపం దాటడం 70 శాతానికి పైగా తగ్గిందని చూపించి, 150 కూడళ్ళ నుంచి 600 కూడళ్ళకి పెంచుకోవడానికి 2024లో అనుమతి తెచ్చుకుంది.

ఒకే పరికరం ఒకచోట మేలు చేసి ఇంకోచోట ఎందుకు చెయ్యలేదు? నాకు దొరికిన సూటి జవాబు ఫిలడెల్ఫియాది. అక్కడ పరిశోధకులు ముందు పసుపు వ్యవధిని సుమారు ఒక సెకను పెంచి చూశారు. కెమెరా లేకుండానే ఎర్ర దీపం దాటడం 36 శాతం తగ్గింది. అంటే ఆ మేరకు దాటుతున్నది నిర్లక్ష్యం వల్ల కాదు, వ్యవధి చాలక. ఆ తర్వాత కెమెరా పెట్టారు. మిగిలినవాటిలో 96 శాతం తగ్గిపోయాయి. 2008లో వచ్చిన ఈ ఫలితంలో భోజనాల దగ్గర వాదించుకునే ఇద్దరికీ చోటుంది. ముందు లెక్క ప్రకారం వ్యవధి ఇవ్వాలి. ఇచ్చాక కూడా దాటేవాడిని పట్టుకోవాలి. ఈ వరస తిరగబడిన చోట కెమెరా హుండీ అయిపోయింది.

ఇది అమెరికా గొడవ కదా, మనకెందుకు అనుకోవడానికి లేదు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించినప్పుడు భారతదేశం కూడా కెమెరా సాక్ష్యానికి చట్టంలో చోటిచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన నియమాలు, కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలనీ, పరికరానికి ఏటేటా ధ్రువీకరణ ఉండాలనీ, 15 రోజుల్లో నోటీసు పంపాలనీ చెప్పాయి. మంచి నియమాలే. ఇంకోపక్క హైదరాబాదులో ఇ-చలాన్లు కుప్పలుగా పేరుకుపోయి, 2022 మార్చిలో తెలంగాణ పోలీసులు ద్విచక్ర వాహనాల బకాయిల్లో 75 శాతం తగ్గించి కట్టించుకున్నారు. 2023 డిసెంబరులో 80 శాతం తగ్గించారు. ఆషాఢం సేల్ లాగా జరిమానాకి తగ్గింపు వస్తుందని తెలిశాక చలాను చూసి ఎవరు భయపడతారు? మొదటి తేదీనే పూర్తిగా కట్టేసినవాడికి దక్కింది ఏమిటి? అక్కడా వసూలు ముందుకొచ్చి, ప్రమాదం వెనక్కి వెళ్ళింది.

అందుకే మన ఊళ్ళో, అది ఎడిసన్ అయినా ఎల్‌బీనగర్ అయినా, కెమెరా పెడుతున్నారంటే అడగాల్సిన ప్రశ్నలు నాలుగున్నాయి. ఆ రోడ్డు మీద నిజంగా నడిచే వేగానికి పసుపు ఎన్ని సెకన్లు ఉండాలి, ఎన్ని ఉంది? కెమెరా కంపెనీకి డబ్బిచ్చేది నెలకా, టికెట్‌కా? జరిమానా సొమ్ము ఏ ఖాతాకి వెళ్తోంది? కెమెరా పెట్టకముందు, పెట్టాక ఆ కూడలిలో ఎంతమందికి దెబ్బలు తగిలాయో ఏటా ప్రకటిస్తారా? ఇక్కడ నగర సభల సమావేశాల్లో ఎవరైనా లేచి మూడు నిమిషాలు మాట్లాడే వీలు చాలా ఊళ్ళల్లో ఉంది. పసుపు వ్యవధి కొలవడానికి చేతిలో ఉన్న సెల్‌ఫోన్ వీడియో చాలు. లెక్క కట్టడానికి మన ఇళ్ళల్లో ఇంజినీర్లకి కొదవ లేదు.